బతికొచ్చిన మొగుడు, చావని పెళ్లికూతురు

రంగనాయకమ్మ 1960ల మొదట్లో రాసిన ‘బలిపీఠం’ నవల అంతా ఒక లెక్క తప్పడం మీద నడుస్తుంది. అరుణ బ్రాహ్మణ ఇంట పుట్టిన బాలవితంతువు. జబ్బుతో మంచం పట్టింది. ఇక ఎన్నాళ్లో బతకదని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అదే అనుకుంది. పోయేముందు మెడలో తాళి పడాలని, ముత్తయిదువగా పోవాలని ఆమె ఆశ. భాస్కర్ హరిజన కుటుంబంలో పుట్టి చదువుకున్నవాడు, సంస్కరణ మీద నమ్మకం ఉన్నవాడు. జాలిపడి తాళి కట్టాడు. తీరా చూస్తే అరుణ కోలుకుంది. చావు కోసం కట్టించుకున్న తాళితో కాపురం చెయ్యాల్సి వచ్చింది. భర్త కులం, అతని వాళ్ల తిండి, వాళ్ల మాట, వాళ్ల రాకపోకలు, ఇలా చావబోయే మనిషికి పట్టనివన్నీ బతికిన మనిషికి పట్టుకున్నాయి. ఆ తాళిని ఆమె ఆచారం కోసం కట్టించుకుంది, అతను ఆచారాన్ని కాదనడానికి కట్టాడు. ముడి ఒకటే, ఉద్దేశాలు ఎదురెదురు. సంసారంలో తర్వాత జరిగే గొడవలన్నిటికీ విత్తు ఆ పెళ్లి ముహూర్తంలోనే పడిపోయింది. ఎవరూ చెడ్డవాళ్లు కారు, ఎవరూ మోసం చెయ్యలేదు. ఇద్దరూ మంచి మనసుతో చేసిన పనే ఇద్దరికీ గుదిబండ అయింది. నవలల్లో వ్యంగ్యం అంటే మాటల్లోని ఎత్తిపొడుపు ఒక్కటే కాదు. మనిషి ఒకటి తలచి చేసిన పని అతని కళ్లెదుటే తలకిందులు కావడం అంతకన్నా లోతైనది. ‘బలిపీఠం’లో ఉన్నది ఈ రెండో రకం.

దీన్ని రచయిత్రి కల్పనా చాతుర్యం అని మెచ్చుకుని ఊరుకోవచ్చు. కానీ ఎనభై ఏళ్లకు పైగా వెనక్కి వెళితే ఇదే బొమ్మ తిరగేసి కనిపిస్తుంది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో మొదలై 1880లో పుస్తకమైంది. ధవళేశ్వరంలో కలిగిన గృహస్థు రాజశేఖరుడు భట్రాజు పొగడ్తలకీ, జ్యోతిషాలకీ, బంగారం చేసి పెడతానన్న బైరాగికీ లొంగి ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. అతని పెద్దకూతురు రుక్మిణి. ఆమె భర్త నృసింహస్వామి దూరదేశంలో చనిపోయాడని కబురొస్తుంది. ఆ కుటుంబం మీద పడ్డ కష్టాల్లో అది పెద్దది. ఆ కబురు అబద్ధం. కథ చివరికి భర్త బతికే వస్తాడు, దంపతులు కలుస్తారు. అక్కడ చచ్చాడనుకున్న మొగుడు బతికొచ్చాడు, ఇక్కడ చస్తుందనుకున్న పెళ్లికూతురు బతికింది. రెండు కథల్లోనూ వితంతువు నుదుట మళ్లీ బొట్టు నిలబడడానికి ఒక చావు అబద్ధం కావాల్సి వచ్చింది. ఇందులో మొదటి కథ రాసినవాడు ఎవరు? తెలుగునాట వితంతు వివాహం అనగానే గుర్తొచ్చే మనిషే. తన నవలలోని వితంతువుకి మాత్రం ఆయన రెండో పెళ్లి చెయ్యలేదు, మొదటి మొగుణ్ణే తిరిగి రప్పించాడు. తెలుగు కుటుంబ నవలలో వ్యంగ్యం కథన శిల్పంగా పుట్టలేదని, చట్టం ఒక దారి, ఆచారం ఒక దారి, సంస్కర్త మనసు మరొక దారి పట్టిన చరిత్రలోంచి పుట్టిందని నా వాదన. ఆ చరిత్రని గోదావరి గట్టు మీదనుంచే చూస్తే సగమే కనిపిస్తుంది. మిగతా సగం కోసం కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేదికి, మాన్వి సిరవార ప్రాంతంలోని మల్లట్ లాంటి పల్లెల వైపుకి పోవాలి.

ముందు గోదావరి గట్టు. హిందూ వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. కంపెనీ పాలనలో ఉన్న రాజమండ్రికి అది వర్తించింది. అయినా అక్కడ మొదటి వితంతు వివాహం జరగడానికి పాతికేళ్లు పట్టింది. 1881 డిసెంబరు 11న వీరేశలింగం చేయించిన ఆ పెళ్లి ఊరిని రెండుగా చీల్చింది. వెలివేతలు జరిగాయి. పెళ్లికి, పెళ్లిలో పాలుపంచుకున్నవాళ్లకి వంటకి మనిషి లేడు, నీళ్లు మోసేందుకు మనిషి లేడు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరికి పోయి బిందెతో నీళ్లు తెచ్చుకున్నదీ, వచ్చినవాళ్లకి తానే వండిపెట్టిందీ ఈ రోజుల్లోనే. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చెయ్యకపోతే పని ముందుకు సాగేది కాదు. ఆ డబ్బు ఎందుకు అవసరమైందో కూడా చూడాలి. వితంతువుని పెళ్లాడిన కుర్రవాడికి ఇల్లు గడవాలి, కులం వల్ల దొరికే పని పోయింది, బంధువుల చేయూత పోయింది. అందుకని పెళ్లిళ్లు చేయించినాయనే వాళ్లని పోషించాల్సి వచ్చింది. ఆ దంపతుల్లో కొందరు తర్వాత డబ్బు దగ్గర ఆయనతో పేచీ పడ్డారు. ఆదర్శం కోసం చేసిన పెళ్లి నెలనెలా పద్దులోకి దిగిపోవడం కన్నా నవలకు తగిన వస్తువు ఏముంటుంది? వీరేశలింగం దాన్ని నవలగా రాయలేదు, స్వీయచరిత్రలో పెట్టాడు. ఆయన నవల అప్పటికే అయిపోయింది. 1878లో ఆయన చేతిలో ఉన్నది వాదం మాత్రమే, పెళ్లి కాదు. పాఠకుల ఇళ్లలో చదవదగిన కథ కావాలంటే రుక్మిణికి రెండో మొగుణ్ణి తేవడం ఆనాటికి కుదరని పని. మొదటివాణ్ణి బతికిస్తే పాఠకుడు ఏడ్చిన ఏడుపూ దక్కుతుంది, ఆచారమూ చెడదు. ఆ రాజీలోనే వ్యంగ్యం ఉంది. వితంతువు దుఃఖాన్ని కబురొచ్చినప్పుడు నిజంగా చూపించి, దుఃఖానికి కారణాన్ని మాత్రం అబద్ధంగా తేల్చాడు.

ఇప్పుడు పడమటికి. రాయచూరు అంతర్వేది నిజాం రాజ్యంలో భాగం. కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ కింద 1853లో అది బ్రిటిష్ వాళ్ల చేతికి పోయింది, 1860లో తిరిగి నిజాంకి వచ్చింది. నల్లరేగడి నేల, జొన్న, పత్తి, కన్నడం తెలుగు ఉర్దూ కలిసిన మాట. 1956 దాకా గద్వాల, ఆలంపూరు కూడా ఈ జిల్లాలోవే. ఈ సీమలో వితంతువు పెళ్లికి వీరేశలింగం అవసరం రాలేదు. చట్టం అవసరమూ రాలేదు. సేద్యం చేసే కులాల్లో, పశువుల మీద, కూలి మీద, చేతిపని మీద బతికే కులాల్లో చాలావాటికి మారుమనువు ఎప్పటినుంచో ఉన్న ఆచారం. కన్నడం మాట్లాడేవాళ్లు దాన్ని ఉడికి అంటారు. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో అచ్చువేసిన నిజాం రాజ్యపు కులాల గ్రంథంలోనూ, అంతకు ముందు 1909లో థర్స్టన్ వేసిన దక్షిణాది కులాల సంపుటాల్లోనూ కులం వెంట కులం తిరగేస్తుంటే ఈ ఆచారం ప్రస్తావన మళ్లీ మళ్లీ తగులుతుంది. రాజమండ్రిలో చట్టం ఉండి పాతికేళ్లు పెళ్లి లేదు. మల్లట్ చుట్టుపట్ల పొలాల్లో నిజాం ఏలుబడిలో ఆ చట్టం ఊసే లేకుండా పెళ్లిళ్లు అవుతూ ఉన్నాయి. తెలుగు సంస్కరణోద్యమ చరిత్ర రాసినవాళ్లు ఈ రెండిటినీ ఒకే పుటలో పెట్టి చూసింది తక్కువ. పెట్టి చూస్తే, రుక్మిణి దుఃఖం తెలుగు ఆడదాని దుఃఖం కాదని, కొన్ని కులాల ఆడవాళ్ల దుఃఖమని వెంటనే తెలుస్తుంది. అచ్చు యంత్రం, పత్రిక, చదువరి ఆ కులాల దగ్గర ఉండబట్టి అది జాతి సమస్యగా నవలకెక్కింది. రైతు కూతురో, కురుబ గొర్రెల కాపరి కూతురో రెండో మనువాడితే అందులో పత్రికలకి కథ లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. వీరేశలింగం వస్తువు ఆలివర్ గోల్డ్‌స్మిత్ నుంచి వచ్చింది కదా, ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’లోనూ చచ్చిందనుకున్న మనిషి బతికే ఉంటుంది కదా, మరి దీనికి గోదావరి చరిత్రని తెచ్చి అంటగట్టడం దేనికని. గోల్డ్‌స్మిత్ నవలని తెలుగు చెయ్యడం మొదలుపెట్టి మానేసి, తన కథ తాను రాశానని వీరేశలింగమే చెప్పుకున్నాడు. అప్పు నిజమే. అయితే అప్పు తెచ్చిన సరుకుని ఏం చేశాడో చూడండి. గోల్డ్‌స్మిత్ దగ్గర చనిపోయిందని అబద్ధం చెప్పింది పాస్టరు కూతురు ఒలీవియా గురించి. మోసగాడి చేతిలో పడ్డ ఆ కూతురు పోయిందని తండ్రి నమ్మితే ఒక చిక్కు విడుతుందని అబద్ధం చెప్పినవాళ్ల లెక్క. వీరేశలింగం ఆ అబద్ధపు చావుని కూతురి మీదనుంచి తీసి అల్లుడి మీద వేశాడు. ఇంగ్లండులో కూతురు చస్తేనే కూతురు పోయినట్టు. ఇక్కడ అల్లుడు పోతే చాలు, కూతురు ఉండీ పోయినట్టే. ఈ ఒక్క మార్పు ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకదు. తర్వాత దొంగల దెబ్బకి రుక్మిణి కూడా చచ్చిందనుకుని వదిలేస్తారు, ఆమె బతికి మగవేషంలో తిరుగుతుంది. వితంతువుగా ఇల్లు కదలలేని మనిషి, లోకం దృష్టిలో చచ్చిపోయి మగబట్ట కట్టాకే స్వేచ్ఛగా దారిన నడవగలిగింది. సంస్కర్త నోటితో చెప్పలేనిది కథ దానంతట అదే చెప్పేసింది. ఇంగ్లీషు నవల ఇచ్చింది పాత్ర, అందులో పోసిన నీళ్లు గోదావరివే.

ఇంకొక మాట కూడా ఉంది: తెలుగులో ఈ వ్యంగ్యానికి సరైన చోటు నవల కాదు, నాటకమని. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది, 1909లో పూర్తిగా మారి మళ్లీ వచ్చింది. అందులో వితంతు వివాహం మీద ఉపన్యాసాలు దంచే గిరీశం బుచ్చమ్మని లేవదీసుకుపోవడానికి ఆ ఉపన్యాసాలనే వాడుకుంటాడు. చివరికి సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని వితంతువుల ఆశ్రమానికి పంపిస్తాడు, గిరీశానికి పెళ్లి దక్కదు. ఉద్యమం మొదలై పాతికేళ్లు నిండకముందే ఉద్యమ భాషే వేషం అయిపోయిందని గురజాడ కనిపెట్టాడు. ఈ విషయంలో ఆయన వీరేశలింగం కన్నా దూరం చూశాడనడంలో నాకు సందేహం లేదు. కానీ నాటకం రంగం మీద ఒక పూట వెక్కిరిస్తుంది, కాపురాన్ని రోజుల తరబడి చూపించలేదు. గిరీశానికి బుచ్చమ్మతో పెళ్లి అయి ఉంటే ఆ తర్వాత సంగతేమిటన్నది నాటకం అడగదు, అడగాల్సిన పనీ దానికి లేదు. ఆ ప్రశ్న అడగడానికి నవలే కావాలి, ‘బలిపీఠం’ అడిగింది. గురజాడ నుంచి చరిత్రకారుడికి దక్కేది మరొకటి ఉంది. విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా విజయనగరం మహారాజు తయారు చేయించాడు, అందులో 1034 పెళ్లిళ్లు లెక్కకొచ్చాయని 1897 నాటి పీఠికలో ఉంది. పసిపిల్లలకి, కొన్నిచోట్ల పళ్లూడిన వాళ్లతో, చేసిన పెళ్లిళ్లు అవి. బాలవితంతువు ఎక్కడినుంచి వస్తుందో ఆ జాబితా చెబుతుంది. వితంతువుకి పెళ్లి చెయ్యాలా వద్దా అన్న వాదం నలభై ఏళ్లు నడిచింది గానీ, వితంతువులని తయారుచేసే అంగడి తెరిచే ఉంది. ఆ అంగడిని మూయడానికి శారదా చట్టం వచ్చేసరికి 1929 అయింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండాలి. అప్పుడేమైందో తెలుగువాళ్లకి బాగా తెలిసిన కథే. ఆ గడువు లోపల పెళ్లిళ్లు ముమ్మరమయ్యాయి. గడువు దాటాక కోస్తా పెద్దలు పిల్లల్ని తీసుకుని ఫ్రెంచి ఏలుబడిలోని యానాం పోయి ముడులు వేయించుకొచ్చారు. యానానికి కల్యాణపురం అని పేరు పడింది. నిజాం రాజ్యానికీ ఆ చట్టం వర్తించలేదు. బాల్యవివాహం మానమన్న చట్టం ముందు చేసిన పని బాల్యవివాహాలను తొందరపెట్టడం. నవలాకారుడు ఊహించి రాస్తే మరీ అతిగా ఉందనేవాళ్లం.

మల్లట్ వైపు ఆచారాన్ని గురించి ఇంత చెప్పాక దాన్ని స్వర్గం చేసి చూపుతున్నట్టు అనిపించవచ్చు. అది పొరపాటే అవుతుంది. మారుమనువు ఉంది, మర్యాద లేదు. మొదటి పెళ్లికి పందిరి, మేళం, ఊరంతా భోజనం. ఉడికికి చాలాచోట్ల చీకటి పడ్డాక, నలుగురు పెద్దల ముందు, కొత్త చీర పెట్టి తంతు ముగించడమే. మారుమనువు చేసుకున్న ఆడదాన్ని ఇతరుల పెళ్లిళ్లలో శుభకార్యాలకి ముందుకు రానిచ్చేవాళ్లు కాదని హసన్, థర్స్టన్ గ్రంథాలే రాశాయి. మొదటి మొగుడి పిల్లలు వాళ్ల తండ్రి వంశానికే పోతారు, ఆస్తి కూడా అంతే. ఈ ఆస్తి సంగతిలో బ్రిటిష్ కోర్టులు చేసిన పని మరీ విచిత్రం. 1856 చట్టంలో రెండో సెక్షన్ ప్రకారం మళ్లీ పెళ్లాడిన వితంతువు మొదటి భర్త ఆస్తి మీద హక్కు వదులుకోవాలి. పెళ్లికి కొత్తగా అనుమతి పొందినవాళ్లకి ఇది ఆ అనుమతికి కట్టిన ధర. కానీ ముందునుంచే మారుమనువు ఉన్న కులాలవాళ్లకి ఆ చట్టం కొత్తగా ఇచ్చిందేమీ లేదు. ఇవ్వనిదానికి వాళ్ల దగ్గర ధర వసూలు చేయవచ్చా? అలహాబాదు హైకోర్టు చేయకూడదంది. మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టులు చేయవచ్చన్నాయి. వితంతువు మేలు కోరి తెచ్చిన చట్టం నీడ, ఆ మేలు అక్కరలేని ఆడవాళ్ల భూమి మీద కూడా పడింది. ఇక రాయచూరు, బళ్లారి సీమల్లో ఎప్పటికీ వితంతువు కాని ఆడవాళ్లూ ఉన్నారు. బసవిగా, దేవదాసిగా దేవుడి పేరున వదిలిన పిల్లలు. దేవుడికి చావు లేదు కాబట్టి వాళ్లు నిత్యసుమంగళులు, పెళ్లిళ్లలో వాళ్ల చేతి పసుపు కుంకుమ శుభం. వాళ్లలో ఎక్కువమంది దళిత కుటుంబాల పిల్లలు, వాళ్ల ఒంటి మీద ఊరి పెద్దలకి హక్కు. కర్ణాటకలో దీన్ని నిషేధించే చట్టం 1982లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చాయి. అరుణ చావు ముందు కోరుకున్న ముత్తయిదువతనం ఈ పిల్లలకి దేవుడి పేరున వదలడంతోనే వచ్చింది. దానితో వాళ్లకి ఏం ఒరిగిందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ నేపథ్యంతో ‘బలిపీఠం’ దగ్గరికి మళ్లీ వస్తే కథ కొత్తగా కనిపిస్తుంది. భాస్కర్ వితంతువుని పెళ్లాడడం సాహసం అని, త్యాగం అని మనం చదువుతాం. ఎవరి కళ్లతో చూస్తే సాహసం? మాల మాదిగ కులాల్లో వితంతువు మళ్లీ మనువాడడం మామూలు సంగతి అని థర్స్టన్ కూడా రాశాడు. అంటే భాస్కర్ పుట్టిన వాడలో అరుణ వితంతువు కావడం పెద్ద వార్త కాదు, బ్రాహ్మల పిల్ల కావడమే వార్త. ఆమె పుట్టిన ఇంట్లో ఆ పెళ్లికి రెండు దోషాలు, అతని వాడలో ఒకటే. వితంతువుని మనిషిగా నిలబెట్టే ఆచారం ఎవరి దగ్గర ఉందో వాళ్ల కూడూ గుడ్డా మాటా అరుణకి ఏవగింపు. ఆమెకి బతుకు అక్కరలేదన్న ఆచారం ఎవరిదో వాళ్ల మడి, వాళ్ల పద్ధతి ఆమెకి ప్రాణం. భాస్కర్ సంస్కరణ పేరుతో చేసిన పనిని అతని తాతలు ఏ పేరూ పెట్టకుండా చేస్తూ వచ్చారు. అతను ఆ పనిని పై కులాల పుస్తకంలోంచి ఆదర్శంగా నేర్చుకుని, దాని బరువంతా మోశాడు. నవలలోని అసలు వ్యంగ్యం ఇదీ అని నేననుకుంటాను. పెళ్లికూతురు చావకపోవడం దానికి తలుపు మాత్రమే. ఇల్లు లోపల ఉంది.

‘బలిపీఠం’ కన్నీళ్ల నవల, దాన్ని చదివిన వేలమంది ఏడ్చారే గాని నవ్వలేదు, 1975లో దాసరి నారాయణరావు సినిమాగా తీసినప్పుడూ జనం చేతిరుమాళ్లతోనే పోయారు, కరుణరసాన్ని వ్యంగ్యమంటే ఎలా అని సాహిత్యం తెలిసినవాళ్లు అడగవచ్చు. ఇదే రచయిత్రి ‘స్వీట్ హోం’లో విమల, బుచ్చిబాబుల సంసారాన్ని నవ్విస్తూ ఎత్తిపొడిచింది, వ్యంగ్యం కావాలంటే దాన్ని చూపాలి గాని దీన్ని కాదని కూడా అనవచ్చు. నవ్వు వస్తేనే వ్యంగ్యం అన్నది వారపత్రికల కార్టూన్లతో అలవాటైన లెక్క. ‘స్వీట్ హోం’లో భార్య మొగుడి అల్పత్వాన్ని చూస్తుంది, పాఠకులూ ఆమెతో కలిసి చూస్తారు, అందుకని నవ్వొస్తుంది. ‘బలిపీఠం’లో అరుణ తన స్థితిలోని వైపరీత్యాన్ని చూడలేదు, మనం చూస్తాం. పాత్రకి తెలియనిది పాఠకుడికి తెలియడమే ఈ రకం వ్యంగ్యానికి ప్రాణం, దాని ఫలితం నవ్వు కావచ్చు, ఏడుపు కావచ్చు. పైగా అప్పటి ధారావాహికల చదువరి వారం వారం ఆగి చదివే మనిషి. అరుణ కోలుకుందని ఒక వారం సంతోషించి, ఆ కోలుకోవడమే కొంప ముంచిందని తర్వాతి వారాల్లో తెలుసుకునే చదువరి, రచయిత్రి వేసిన ఉచ్చులో తానూ పడ్డట్టు. ఏడ్చినవాళ్లలో చాలామంది అరుణ పక్షాన ఏడ్చారా, భాస్కర్ పక్షాన ఏడ్చారా అన్నది మాత్రం వాళ్ల వాళ్ల ఇళ్లని బట్టి ఉంటుంది.

ఆ నవల వచ్చిన కాలంలోనే మల్లట్ పరిసరాల్లో మరొక మార్పు నడుస్తోంది. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి, గంగావతి వైపు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. జొన్న చేలు వరి మడులయ్యాయి. తెలుగు మాటా, తెలుగు పంచాంగమూ, కోస్తా పెళ్లి పద్ధతులూ కాలువ వెంట వచ్చాయి. చట్టాలు మాత్రం వాళ్లతో రాలేదు. ఆంధ్రప్రదేశ్ 1958లో వరకట్న నిషేధ చట్టం చేసుకుంది, అదే ఏడు మైసూరు రాష్ట్రంలో ఉన్న క్యాంపు రైతుకి ఆ చట్టం లేదు. 1961లో కేంద్ర చట్టం వచ్చి రెండుచోట్లా ఒకటే చేసింది, కట్నం ఆ మూడేళ్లలోనూ ఆగలేదు, తర్వాతా ఆగలేదు. వరకట్నం సంగతి పక్కన పెడితే, ఇక్కడ మనకి పనికొచ్చేది సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కూర్గు మీద రాసిన పుస్తకంలోని గమనిక. పైకొచ్చే కులాలు బ్రాహ్మణాచారాలను పట్టుకుంటాయని ఆయన చెప్పాడు. అలా పట్టుకునేటప్పుడు ఆడవాళ్లకి ఉన్న సదుపాయాలే ముందు పోతాయి. నీరొచ్చి నాలుగు డబ్బులు కళ్లజూసిన ఇంట్లో మారుమనువు చిన్నతనమవుతుంది. ఒకవైపు చదువుకున్న బ్రాహ్మణ కుటుంబాలు వీరేశలింగం చూపిన దారిలో కూతుళ్లకి మళ్లీ పెళ్లి చెయ్యడం గౌరవమనుకునే దాకా వచ్చాయి. మరోవైపు ఎన్నో తరాలుగా చేస్తున్నవాళ్లు దాన్ని మానుకోవడం గౌరవమనుకున్నారు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురై, పలకరించుకోకుండా దాటిపోయారు. ఈ దాటిపోవడం మీద నాకు తెలిసి తెలుగులో పెద్ద నవల ఇంకా రాలేదు. రాస్తే మాన్వి, సిరవార, సింధనూరు క్యాంపుల్లో పుట్టి రెండు భాషల్లో బతికినవాళ్లే రాయాలి, కోస్తాలో కూర్చుని రాసేది కాదు. కన్నడ ఇళ్లలోని ఉడికి పాటలు, పంచాయతీ తీర్పులు గుర్తున్న ముసలమ్మలు ఉన్నప్పుడే రాయాలి.

అన్నట్టు, వీరేశలింగం పెళ్లిళ్లకి ఆధారమైన ఆ 1856 చట్టం ఎంతకాలం బతికిందో చాలామందికి తెలియదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వితంతువుకి భర్త ఆస్తిలో పూర్తి హక్కు ఇచ్చాక పాత చట్టంలోని రెండో సెక్షన్‌కి పస పోయింది. అయినా దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. పార్లమెంటు 1983లో గాని దాన్ని రద్దు చెయ్యలేదు. ‘బలిపీఠం’ అచ్చయి అప్పటికి ఇరవై ఏళ్లు.